గంగవ్వ చెరుకు, బాపు పర్హాప్స్

మొన్న మా అమ్మ బోధన్ నుంచి బస్సులో వస్తూ, పాత తువాలులో చుట్టిన బాపు డిక్షనరీని తెచ్చి నా ముందు పెట్టింది. "ఇంట్ల ఉంటే చెదలు తింటయ్. నువ్వన్న సదువుతవని తెచ్చిన" అంది. బాపు, మా నాన్న, పోయి రెండేళ్లయింది. ఆ పుస్తకం అట్ట ఎప్పుడో ఊడిపోతే ఆయన చక్కెర బస్తా గుడ్డను మైదా బంకతో అతికించి గట్టి చేశాడు. తెరిస్తే పేజీల మధ్య ఎండిన వేపాకులు, వాటి వెంటే సిరా వాసన, ఇంకాస్త లోపలికి వెళితే మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. ఈ చివరిది నా భ్రమే కావచ్చు గానీ, మా ఇంట్లోంచి వచ్చిన ఏ వస్తువుకైనా నాకు మడ్డి వాసన వస్తుంది. ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని చేతులు వదిలేస్తే తనంతట తానే ఒకేచోట తెరుచుకుంటుంది. నా చిన్నప్పుడూ అంతే. పి అక్షరం పేజీలు, కుడివైపు, కింది నుంచి నాలుగో మాట. పర్హాప్స్.

సరిగ్గా ఆ మాటతోనే నాకు ఈ వారం పనిపడింది. మా సుజాతకు రెండున్నరేళ్లు. ఇంకా అమ్మా అనలేదు. నిజామాబాద్‌లో మేం చూపించుకునే డాక్టరు గారు చెవుల్లో దీపం వేసి చూసి, "ఇక్కడ తేలేది కాదమ్మా. హైదరాబాద్ పంపుతాను. దానికి ముందు వారం రోజులు ఇంట్లో కనిపెట్టి, మీరేం చూశారో ఇంగ్లీషులో ఒక పేజీ రాసి తెండి. వాళ్ల దగ్గర పిల్లలు చాలామంది ఉంటారు. ఎవరిని ముందు పిలవాలో ఆ కాగితం చూసే నిర్ణయిస్తారు" అన్నారు. నేను బీఏ చదివాను. ఒక పేజీ రాయడానికి భయపడే పని లేదు. పాప నిద్రపోయాక, అందరూ పడుకున్నాక, నాకంటూ మిగిలే ఆ గంటలో వారం రోజులూ రాశాను. వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టాను. పేరు పెట్టి పిలిచాను. తలుపు వేశాను. చూసిందంతా రాసి చివర చదువుకుంటే, ఒక్క పేజీలో ఏడు పర్హాప్స్‌లు ఉన్నాయి. పర్హాప్స్ పాపకు పళ్లెం చప్పుడు వినిపించలేదు. పర్హాప్స్ నేను పిలిచినప్పుడు ఆమె ఆటలో ఉంది. ఇలాగే చివరిదాకా.

మా అత్తమ్మకు ఈ రాతలంటేనే గిట్టదు. వారం మధ్యలో ఒకనాడు ఆమె వంటింట్లో రోట్లో కారం దంచుతుంటే, నేలమీద కూర్చున్న పాప చటుక్కున తల తిప్పింది. "గదో, సూసినవా? రోకలి సప్పుడుకు తిరిగింది. పోరికి బంగారమసొంటి శెవులున్నయ్. నీ పెనిమిటి మూడేండ్లకు గాని నోరిప్పలే. సదువుకున్నోళ్లకు అన్నిటికీ బుగులే" అంది. మా ఆయన ముప్కాల్ అవతల కాలువ పనుల క్యాంపులో ఓవర్సీరు. ఆదివారాలు వస్తారు. నేను గట్టిగా చెబితే సెలవు పెట్టి హైదరాబాద్ తీసుకుపోయే మనిషే. కానీ నేనేమో ఆయనతోనూ "ఏమో, కావచ్చు" అనే అంటున్నాను. అలా అంటే ఎవరు కదులుతారు? ఈ ప్రశ్న దగ్గరే నాకు చిన్నప్పుడు చూసిన చెరుకు రైతు గంగవ్వ గుర్తొచ్చింది. అమ్మ తెచ్చిన పుస్తకం ఆ పేజీ దగ్గర తెరుచుకుంది.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. ఏ మాటకైనా అర్థం రాసిన తర్వాత, చివర చీమల బారులాంటి అక్షరాల్లో అది ఎక్కడినుంచి వచ్చిందో రాసి ఉంటుంది. చిన్నప్పటినుంచీ నాకు అర్థం కంటే ఆ చీమల బారు మీదే ఆశ. పర్ అంటే ద్వారా, మూలంగా. అది లాటిన్ వాళ్లది. హాప్ అంటే అదృష్టం, అనుకోకుండా జరిగేది. అది ఉత్తరాన చలిదేశాల వాళ్లది. రెంటినీ కలిపి కుట్టుకున్నారు. సగం ఒక భాష, సగం ఇంకో భాష, సగం తెలుగూ సగం ఉర్దూగా నడిచిన మా ఇంటి మాటల్లాగే. జరగడం అనే అర్థమున్న హ్యాపెన్‌కూ, హ్యాపీకీ కూడా ఆ హాపే తల్లి. హ్యాపీ అంటే మొదట్లో సంతోషంగా ఉన్నవాడు కాదట, కలిసొచ్చినవాడట. ఇది చదివిన రోజు నేను బడికి వెళ్లి, వినేవాళ్లు లేకపోయినా, కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. మన బహుశాకు సంస్కృతంలో పలుమార్లు, ఎక్కువగా అని అర్థమని తర్వాత కాలేజీలో విన్నాను. తెలియనిదాన్ని ఇంగ్లీషువాళ్లు అదృష్టం మీదికి నెట్టేస్తే, మనం ఎక్కువసార్లు ఏమవుతుందో చూసి చెబుతామన్నమాట. బాపు మాట శాయద్. అది ఫారసీ నుంచి వచ్చిందనీ, తగును, అవును కావచ్చు అనే భావమనీ ఆయనే చెప్పాడు. మా అవ్వకు, అంటే నాయనమ్మకు, వీటిలో ఏదీ అక్కర్లేదు. "ఏమోనే" అని దూలాల వైపు చూసేది. అందులో అన్నీ వచ్చేవి.

చెరుకు కాలంలో బోధన్‌లో బట్టలు ఆరేయడం ఒక విద్య. గాలి ఎటు తిరిగిందో చూసుకోవాలి. ఫ్యాక్టరీ చిమ్నీ వైపునుంచి వస్తే సన్నటి నల్ల నుసి వచ్చి తెల్లచీర మీద వాలుతుంది. దులిపితే పోతుంది, తుడిస్తే అంటుకుంటుంది. ఈ తేడా తెలియని కొత్తకోడళ్లను అమ్మ జాలిగా చూసేది. కాలిన బెల్లంలా మొదలై పులిసిన అంబలిలా ముగిసే మడ్డి వాసన మూడు నాలుగు నెలలు ఊరిమీద కప్పేసి ఉండేది. బయటివాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు ఆ వాసన ఆగిపోయిన రోజే ఏదో పోయినట్టుండేది. పొద్దున అవ్వ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు, వీధిలో చెరుకు బండ్ల ఇరుసుల మూలుగు కలిసి వినిపించేవి.

బాపు చెరుకు రైతుల సంఘం ఆఫీసులో గుమాస్తా. ఊళ్లో అందరికీ మున్షీ సాబ్. ఐదారు ఊళ్ల పొలాలు తిరిగి, ఎవరి చెరుకు కోతకు వచ్చిందో చూసి రిపోర్టు రాయడం ఆయన పని. ఆ రిపోర్టులు చూసి ఆఫీసరు కోత చీటీలు ఇస్తాడు. చీటీ లేకుండా కోసిన చెరుకును ఎవరూ తూకానికి తీసుకోరు. చీటీ ఆలస్యమైతే నిలబడ్డ చెరుకు ఎండి లోపల బెండు పడుతుంది. పొద్దున సాసరులో పోసుకుని చాయ్ తాగి, టోపీ పెట్టుకుని, జేబులో చిన్న కత్తితో సైకిలెక్కేవాడు. సాయంత్రం వచ్చేటప్పుడు ఒక్కో పొలం నుంచి ఒక్కో గడ ముక్క, దానికి చీటీ కట్టి తెచ్చేవాడు. అరుగు గోడ వెంట వాటిని వరసగా నిలబెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి, కళ్లు మూసుకుని ఒక్కోటి నమిలేవాడు. మాకూ ఇచ్చేవాడు. "మొదలు కాదు బిడ్డా, కొస నములు. మొదలు ఎప్పుడన్న తీపే. కొసల తీపి దిగితే గది అయినట్టు" అనేవాడు. పండిందో లేదో ఆయన నాలుక ఎన్నడూ తప్పలేదు. తప్పంతా కాగితం మీదే జరిగింది.

బాపు చదువు ఉర్దూలో సాగింది. ఆయనకు చెప్పిన ఉస్తాద్, పెద్దల ముందు దేన్నీ తెగేసి అనకూడదని నేర్పాడట. "మాటను ఉత్త నేలమీద కూసోవెట్టొద్దు. మెత్త ఏసి కూసోవెట్టాలె" అని బాపు మాకూ చెప్పేవాడు. ఆ మెత్త పేరే శాయద్. అది ఆయనకు సందేహం కాదు, మర్యాద. ఒకసారి వానలో తడిసి, టోపీ అంచుల నుంచి నీళ్లు కారుతుండగా గడపలో నిలబడి, "శాయద్ వాన పడుతున్నట్టున్నది" అన్నాడు. అమ్మ నవ్వాపుకోలేక రోట్లో పచ్చడి వదిలేసి వచ్చింది. "తడిసి ముద్దయిండ్రు. ఇంక శాయదేంది? లోపల్కి వస్తరా, శాయద్ వస్తరా?" అంది. అవ్వ ఆ మాటను పది రోజులు ఊరంతా మోసింది.

రాష్ట్రాలు కలిశాక ఆఫీసులో కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి. నలభై దాటిన బాపు, బదిలీ మీద పోతున్న ఒక పోస్టుమాస్టరు దగ్గర ఈ డిక్షనరీ తీసుకుని, మళ్లీ బడిపిల్లవాడయ్యాడు. ఆయన ఉర్దూలో అనుకుంటాడు, తెలుగులో నాతో అంటాడు, నేను పేజీలు తిప్పుతాను. అందరికంటే ముందు ఆయనకు కావలసి వచ్చింది శాయద్‌కు ఇంగ్లీషు. పర్హాప్స్ దొరికినప్పుడు ఎంత నిమ్మళపడ్డాడో నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. ఆ మాట లేకపోతే ఆ భాషలో పెద్దలతో ఎలా మాట్లాడతారో ఆయనకు అర్థం కాలేదు. అప్పటినుంచీ ఉర్దూ కాగితంలో శాయద్ ఎక్కడ వేసేవాడో ఇంగ్లీషు కాగితంలో పర్హాప్స్ అక్కడ వేశాడు. అక్షరం తప్పు లేకుండా, అందమైన దస్తూరిలో.

ఆ ఏడాది ఎండలు ముందే వచ్చాయి. ఒకరోజు నడిపొద్దున గంగవ్వ మా అరుగు ముందు వచ్చి నిలబడింది. ఆమె భర్త పోయాక రెండెకరాలు ఒంటిచేత్తో సాగుచేస్తున్న మనిషి. ఎప్పుడొచ్చినా అవ్వతో రెండు పరాచికాలాడి గానీ పోదు. ఆరోజు కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, పక్క ఊరోళ్లకు సుత చీటీలు వచ్చినయ్. నా చెరుకు గట్లనే నిలవడ్డది. బాయిల నీళ్లు అడుగంటినయ్. నువ్వు నా పొలానికి వచ్చినవా లేదా? గడ ఇరిచి నమిలినవా లేదా?"

"వచ్చిన చెల్లె. నమిలిన. కొసదాక తీపి దిగింది. రాసి పంపి పన్నెండు రోజులాయె."

"ఏం రాసినవన్నా మరి? అయిందని రాసినవా, ఇంక పసిగున్నదని రాసినవా?"

బాపు లోపలికి వచ్చి రిపోర్టు నకలు తీశాడు. నేను పక్కనే నిలబడి చదివాను. గంగవ్వ చెరుకు పర్హాప్స్ కోతకు వచ్చినది. తమరికి సమ్మతమైతే పర్హాప్స్ త్వరగా కోయుట మంచిది. ఆలస్యమైతే పర్హాప్స్ నష్టము. మూడు వాక్యాలు, మూడు మెత్తలు. బాపుకు అందులో ఏ లోపమూ కనబడలేదు. "సరిగ్గనే రాసిన గద" అని కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. గంగవ్వకు చదువు రాదు. ఆమె కాగితం వైపు చూడలేదు, బాపు మొహంలోకి చూసింది. "సరిగ్గ రాస్తే ఇట్లెందుకైతదన్నా?" అంది. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాపుకు కొంచెం తేలికయ్యేది.

బడి సెలవు కావడంతో నన్నూ సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని అప్పుడే ఆఫీసుకు బయల్దేరాడు. కోత ఆఫీసరు కోస్తా వైపునుంచి వచ్చినాయన, నెమ్మదైన మనిషి. బల్లమీద రిపోర్టుల కట్ట విప్పి, బాపుదీ ఇంకో ఊరి గుమాస్తాదీ పక్కపక్కన పెట్టారు.

"చూడండి మున్షీ గారూ. ఈయన 'రెడీ' అని రాశాడు. ఒక్క మాట. మీరు మూడుసార్లు పర్హాప్స్ అన్నారు. మీకే నమ్మకం లేదేమో, ఇంకో పదిరోజులు ఆగుదాం అనుకున్నాను. నాకున్నది ఈ కాగితమే కదండీ?"

బాపు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నమ్మకం లేక కాదు సాబ్. పెద్దల ముందట గట్టిగ చెప్పుడు మా తాలీంల, మా సదువుల లేదు."

"పొలం దగ్గర పెద్ద ఎవరండీ? నేనా? నేను ఆ పొలం మొహమైనా చూడలేదు. చూసొచ్చింది మీరు. అక్కడ మీరే పెద్ద" అని ఆయన ఒక తెల్లకాగితం ఇటు జరిపారు.

బాపు కుర్చీ అంచున కూర్చుని కలం సిరాలో ముంచాడు. ఆ ఒక్క వాక్యానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. రాయబోయి ఆగుతాడు. పాళీ చివర సిరా బొట్టు కట్టి కాగితం మీద పడింది. అద్దుడు కాగితం పెట్టాడు. చివరికి నావైపు వంగి, ఎవరికీ వినపడకుండా, "రాద్దునా బిడ్డా?" అన్నాడు. ఇంట్లో అన్నీ తెలిసిన మా బాపు తొమ్మిదేళ్ల పిల్లను అడిగిన మొదటి సలహా అదే. "నువ్వు నమిలినవు గద బాపు" అన్నాను. ఆయన తలూపి రాశాడు. గంగవ్వ చెరుకు కోతకు వచ్చినది. నేను చూచితిని. రాసిన తర్వాత, ఏదో మొరటు పని చేసినవాడిలా, టోపీ పెట్టుకోవడం కూడా మరిచిపోయి బయటికి వచ్చాడు.

చీటీ నాలుగు రోజులకు వచ్చింది. అప్పటికే బావికి దూరంగా ఉన్న చెరుకు బెండు పడింది. దాదాపు సగం పొలం. కోత అయ్యాక గంగవ్వ ఒక మోపు మంచి గడలు తెచ్చి అరుగుమీద వేసింది. బాపు తలెత్తలేదు. అవ్వే మాట కలిపింది. "ఏమే గంగీ, కూసో, గింత అంబలి తాగు." గంగవ్వ చెంబు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "అన్నా, వచ్చే యేడు నా పొలానికి వచ్చినప్పుడు గా శాయద్‌ను ఇంట్ల పెట్టి రా. బండెక్కించుకోకు" అంది. అవ్వ నవ్వింది, అమ్మ నవ్వింది, చివరికి బాపూ నవ్వాడు. కానీ ఆ సాయంత్రం ఆయన గడలేవీ నమల్లేదు. డిక్షనరీ తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు.

ఇన్నేళ్ల తర్వాత ఆ పేజీని దీపం దగ్గరికి జరిపి చూస్తే, పర్హాప్స్ పక్కన అంచులో సన్నగా ఉర్దూ అక్షరాలు కనిపించాయి. చిన్నప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్నవే కాబట్టి కూడబలుక్కుని చదివాను. ఇంకేమీ లేదు, గంగవ్వ అని ఒక్క పేరు. ఆ మాట కోసం పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆమె ఎదురుగా నిలబడాలని రాసుకున్నట్టున్నాడు. ఇంట్లో మాత్రం ఆయన మారలేదు. వానలో తడుస్తూ శాయద్ అంటూనే ఉన్నాడు. కాగితం మీద పర్హాప్స్‌ను తాను చూడనివాటికి ఉంచాడు. వచ్చే ఏటి వానలకు, రాబోయే ఆఫీసరుకు.

అప్పటికీ ఇప్పటికీ ఏం తేడా అని ఆలోచించాను. ఆ రోజుల్లో మా ఊరి ఆడవాళ్లకు రాయడం రాదు. గంగవ్వ చూసింది, చెప్పింది, కాగితం మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. నాకు కలమూ ఉంది, ఇంగ్లీషూ ఉంది, చూసిన కళ్లూ నావే. అయినా నేను బాపు కంటే ఎక్కువ మెత్తలు వేశాను. ఆయనది మర్యాద, నాది భయం. రాస్తే నిజమైపోతుందన్న భయం. కాగితం మీదికి వచ్చాక రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టరు ఆ ఏడు పర్హాప్స్‌లు చదివి, ఈ తల్లికే నమ్మకం లేదు, ఇంకో ఆరునెలలు ఆగుదాం అని నా కాగితాన్ని కట్ట అడుక్కి తోస్తే తప్పు ఆయనది కాదు. పాప విషయంలో పొలం చూసొచ్చింది నేను.

కొత్త కాగితం తీసుకుని రాశాను. నా కూతురికి వినిపించడం లేదు. నేను చూశాను. నేలమీద కూర్చున్నప్పుడు రోకటిపోటుకు తిరుగుతుంది, ఎందుకంటే నేల అదురుతుంది. మంచం మీద ఉంటే అదే చప్పుడుకు తిరగదు. మూడు రోజులు, రోజుకు రెండుసార్లు చూశాను. ఆరు పర్హాప్స్‌లు ఒక్కొక్కటే పోయాయి. ఏడోది చివరి వాక్యంలో ఉంది. తొందరగా వైద్యం అందితే పర్హాప్స్ ఆమె మాట నేర్చుకుంటుంది. దాన్ని కొట్టేయబోయి ఆగాను. అది నేను చూసింది కాదు. అది హాప్ చేతిలో ఉంది. దాన్ని ఉంచాను.

పొద్దున కాగితాన్ని తెలుగు చేసి అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమెకు తెలియకుండా పంపడం నాకు ఇష్టం లేదు. పాపకు నూనె రాస్తున్న ఆమె చేయి మధ్యలో ఆగింది. "కన్నతల్లివి, బిడ్డ మీద గిట్ల రాస్తరా ఎవలన్న?" అంది. ఆమె మళ్లీ నూనె రాయడం మొదలుపెట్టింది. వీపు అయింది, చేతులు అయ్యాయి. చెవుల దగ్గరికి వచ్చేసరికి రెండు అరచేతులతో వాటిని మెల్లగా మూసి అలాగే ఉంచింది.

"మంచం సంగతి నేను సుత సూసిన బిడ్డా. నీకంటె ముందుగాల్నే సూసిన. నీళ్ల బిందె కింద వడ్డా లేవలే." తలెత్తకుండానే అంది. "రాయి. మీ అత్త సుత సూసిందని రాయి."

చివరి వాక్యానికి పైన కొంచెం చోటుంది. అక్కడ ఆ మాట ఇరికించి రాశాను.